మాల తీసిన మర్నాటి కోసం: ఏఏ మీటింగుల మీద నా రివ్యూ

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకుని ఒకరికొకరు తోడుండే సంఘం. 13 నెలలుగా మా ఊళ్లో గ్రూపుకి వెళ్తున్నాను, వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు నా సంగతి. నాలుగుసార్లు అయ్యప్ప మాల వేశాను. 41 రోజులూ చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చుక్క ముట్టింది లేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. స్వామి మీద భక్తి లేక కాదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ గురుస్వామి, తోటి స్వాములు చుట్టూ ఉండేవాళ్లు, 42వ రోజు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతే నేనొక్కడినే మిగిలేవాడిని. ఏఏలో నాకు దొరికింది ఆ 42వ రోజుకి తోడు. ఇక్కడ మండలం లెక్క లేదు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉంటే చాలు, రేపటి సంగతి రేపు.

మొదటి రోజు తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని టెన్షన్‌తో మెట్ల దగ్గరే పది నిమిషాలు నిలబడ్డా. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో తొమ్మిదిమంది. ఒకాయన స్టీలు గ్లాసులో టీ ఇచ్చాడు, చెయ్యి వణికి నా ప్యాంటు మీద ఒలికింది. ఆయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని, సగం తన గ్లాసులో పోసుకుని, మిగతా సగం మళ్లీ నా చేతిలో పెట్టాడు. నిండు గ్లాసు ఆ చేతులతో పట్టుకోలేమని ఆయనకి తెలుసు, ఒకప్పుడు ఆయన చేతులూ అలాగే వణికాయట.

ఇంటిపేరు అడగరు, కులం అడగరు, ఉద్యోగం అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడరు. ఫీజు లేదు, చివర్లో డబ్బా తిప్పుతారు, పది రూపాయలు వేసినా సరే, వేయకపోయినా సరే, బయటివాళ్ల విరాళాలు మాత్రం తీసుకోరు. చేరడానికి ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. 1935లో అమెరికాలోని అక్రన్ అనే ఊళ్లో ఇది మొదలైంది ఇలా. పని మీద ఆ ఊరు వెళ్లిన బిల్ అనే స్టాక్ బ్రోకర్‌కి తాగాలనిపించింది. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆగలేనని వెతుక్కుంటూ వెళ్తే బాబ్ అనే సర్జన్ దొరికాడు. నాకు ఈ సంగతి తెలిశాక మా గ్రూపు మీద గురి ఇంకా పెరిగింది.

దేవుడి గురించి చాలామంది అడుగుతారు. తాగుడు మానడానికి ఏఏలో పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి. మా దగ్గర నమాజ్ చేసేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు, ఏ నమ్మకమూ లేని రిటైర్డ్ మాస్టారు ఈ గదే నాకు దైవం అంటారు. నాకు కష్టమనిపించింది తొమ్మిదో మెట్టు, మనవల్ల నష్టపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం. అబద్ధం చెప్పి మా అన్నయ్య దగ్గర తీసుకున్న డబ్బు నెలనెలా తీరుస్తున్నా, ఇంకా సగం ఉంది.

ఒక జాగ్రత్త, ఏఏ వైద్యం కాదు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు, ముందు డాక్టరుకి చూపించుకోండి. ఇంకోటి, ఏ రెండు గ్రూపులూ ఒకేలా ఉండవు. మొదటిది నచ్చకపోతే రెండు మూడు చూడండి.

ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, అదీ 1951 నుంచి నడుస్తోంది. తాగుడు మీవల్ల రాలేదు, మీ చేతిలో లేదు, మీరు నయం చేయలేరు అని అక్కడ చెప్పారని మా ఆవిడ వచ్చి చెప్పింది. ఇన్నేళ్లలో ఆ రాత్రే మొదటిసారి నా చొక్కా జేబులు వెతక్కుండా పడుకుంది.