లాకర్ ఉందా, లేదా? పాత థార్‌తో నాలుగేళ్లు

2021 వర్షాకాలంలో కొన్నాను ఈ బండిని. 2016 మోడల్ మహీంద్రా థార్ సీఆర్డీఈ (డీజిల్ జీపు), ఏపీ 31 నంబరు, అప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు మీటరు లక్ష దాటింది. మధురవాడ నుంచి రోజూ ఆఫీసుకి, ఆదివారాలు భీమిలి వైపో యారాడ వైపో, నెలకోసారి అరకు, పాడేరు కొండల్లోకి. ఇన్నాళ్లు వాడాక సీట్ల గురించీ మైలేజీ గురించీ రాయాలని కూర్చుంటే, రాయాల్సిందంతా వెనక యాక్సిల్లో, అంటే ఇరుసులో, ఉండే లాకర్ అనే ఒక వస్తువు గురించే అయింది. ఒక చక్రం ఊరికే జారుతుంటే రెండు చక్రాల్నీ కలిపేసి బండిని లాగించేది అది. అది ఉందో లేదో తేల్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది మరి.

అమ్మినాయనది గాజువాక. బండి చుట్టూ తిప్పి చూపించి, వెనక చక్రం మీద చెయ్యేసి, "దీనికి ఎల్ఎస్‌డీ ఉంది సార్, బురదలో ఇరుక్కోవడం అంటూ ఉండదు" అన్నారు. ఎల్ఎస్‌డీ అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, లాకర్ లాంటి పనే కొంతవరకు చేసేది. ఎలా తెలుసండీ అని అడిగితే, నాకు అమ్మినాయన చెప్పాడు అన్నారు. ఆర్సీలో అలాంటివి రాయరు. ఒక సర్వీసు సెంటర్‌కి వెళ్లి ఛాసిస్ నంబరు చూపించి అడిగితే, కౌంటర్లో కుర్రాడు "ఫోర్ బై ఫోరే కదా సార్, అన్నీ ఉంటాయి" అని కాగితం వెనక్కిచ్చేశాడు.

అన్నీ ఉండవు. ఫోర్ బై ఫోర్ అంటే ముందు, వెనక యాక్సిళ్లు రెండింటికీ ఇంజన్ బలం వెళ్లడం. ఇది వేరు. యాక్సిల్ మధ్యలో బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల గుంపే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ మలుపుల్లో లోపలి చక్రాన్నీ బయటి చక్రాన్నీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. తారు రోడ్డు మీద కావాల్సింది అదే. కానీ ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, ఇంజన్ బలం మొత్తం ఆ ఖాళీ చక్రాన్ని గిర్రున తిప్పడానికే పోతుంది. నేలకి గట్టిగా ఆనుకున్న చక్రం ఊరికే నిలబడి ఉంటుంది. ఫోర్ వీల్ వేసినా సరే, గుంతల్లో ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ ఒకేసారి లేస్తే బండి అక్కడే ఆగిపోతుంది. ఎల్ఎస్‌డీ గానీ లాకర్ గానీ ఉంటే రెండో చక్రానికి కూడా బలం వెళ్తుంది. 2015లో థార్ రూపు మార్చినప్పుడు వెనక యాక్సిల్‌కి ఈటన్ వాళ్ల మెకానికల్ లాకర్‌ని ఆప్షన్‌గా ఇచ్చారు. ఆప్షన్ అన్నారంటే నా 2016 బండిలో ఉండనూవచ్చు, లేకపోనూవచ్చు.

సరే, అందరూ చెప్పే పరీక్షే చేద్దామనుకున్నాను. అమ్మినాయన ఇంటి ముందు చదునైన సిమెంటు నేల ఉంది. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, టూ వీల్ డ్రైవ్‌లో ఉంచి, వెనక రెండు చక్రాలూ లేపి యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాం. ఇంజన్ ఆపి, ఫస్ట్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ తీసేశాం. గేర్లో ఎందుకంటే, న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరిగేసి, ఒక పక్క బ్రేక్ కాస్త పట్టి ఉన్నా మనల్ని తికమక పెడుతుంది. ఇప్పుడు ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కులో తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అసలు కదలనంటే, లేదా మొండిగా బిగుసుకుని కష్టం మీద తిరిగితే లోపల ఏదో ఉన్నట్టు. నేను నెమ్మదిగా తిప్పాను. రెండో పక్క చక్రం వెన్నలా ఎదురు దిక్కులో తిరిగింది.

"చూశారా, ఏమీ లేదు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ మాట మీద పాతిక వేలు తగ్గించాను. ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మరుసటి ఏడాది అక్టోబరులో అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య మట్టి దారిలో పోతున్నాం. ముందు రోజు వాన పడింది. ఒక చోట వాగు నీళ్లు దారిని కోసేసి, ఎడమ పక్క మోకాలి లోతు కాలువ పడింది. వెనక ఎడమ చక్రం అందులోకి జారింది. లోపలి జిగురు మట్టిలో అది ఊరికే తిరుగుతోంది, ఎర్ర బురద అద్దాల దాకా ఎగురుతోంది. యాక్సిలరేటర్ వదిలెయ్యబోయాను. ఎందుకో ఇంకో క్షణం అలాగే నొక్కి ఉంచాను. కింద నుంచి ఠక్ మని ఒక దెబ్బ. సీటు కింద సుత్తితో కొట్టినట్టు. మరుక్షణం బండి కుడి చక్రం మీద బరువేసి కాలువలోంచి పైకి లేచి వచ్చింది. వెనక సీట్లో మా తమ్ముడు "ఏదో విరిగిపోయింది" అని అరిచాడు. నేనూ అదే అనుకున్నాను. దిగి టార్చ్ వేసి చూశాం. ఏమీ విరగలేదు, చుక్క ఆయిల్ కారలేదు.

ఆ వారమే ఆటోనగర్లో ఒక పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా లారీల హౌసింగులు, అంటే డిఫరెన్షియల్ ఉండే యాక్సిల్ పెట్టెలు, విప్పిన మనిషి. నేను చేసిన పరీక్ష చెబితే నవ్వి, బండిని అలాగే ఎత్తించి, గేర్లో పెట్టించి, నన్నే తిప్పమన్నారు. తిప్పాను. రెండోది ఎదురు తిరిగింది.

"అలా దేవుడి రథం లాగినట్టు లాగితే ఏటి తెలుస్తాది బాబూ? ఒక్కపాలి గట్టిగా ఇసరండి."

రెండు చేతులతో టైరుని పట్టి ఒక్కసారిగా విసిరాను. పావు చుట్టు సులువుగా తిరిగింది, ఆ తర్వాత ఠక్ మని ఆగిపోయింది. నా మణికట్లు జివ్వుమన్నాయి. కొండ మీద విన్న చప్పుడే, కాకపోతే చిన్నగా. వెనక్కి కొంచెం తిప్పగానే వదిలేసింది, మళ్లీ వెన్నలా తిరిగింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే.

అంటే సంగతి ఇది. ఈటన్ లాకర్ మామూలప్పుడు అచ్చం మామూలు డిఫరెన్షియల్ లాగే నడుచుకుంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే, లోపలున్న చిన్న గవర్నర్ బరువులు విచ్చుకుని ఒక కొక్కేనికి తగులుకుంటాయి. అప్పుడు క్యామ్ ప్లేటు వాలు ఎక్కి క్లచ్ ప్లేట్లని నొక్కేస్తుంది, రెండు యాక్సిళ్లూ ఒకటే అయిపోతాయి. బండి వేగం సుమారు 30 కిలోమీటర్లు దాటితే ఆ కొక్కెం పక్కకి తప్పుకుంటుంది, హైవే మీద లాక్ పడే ప్రమాదం లేకుండా. వైరు లేదు, స్విచ్ లేదు, డాష్‌బోర్డు మీద దీపం లేదు. నెమ్మదిగా తిప్పి చూసేవాడికి ఎన్నేళ్లు తిప్పినా "లేదు" అనే సమాధానమే వస్తుంది.

క్లచ్ ప్లేట్ల ఎల్ఎస్‌డీ కథ దీనికి తిరగేసి. దాంట్లో ప్లేట్లు ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటాయి కాబట్టి చేత్తో తిప్పినా బిగువు తెలుస్తుంది. అరిగిపోయాక మాత్రం అదీ వెన్నలాగే తిరుగుతుంది. మా బావమరిది పాత ఎస్‌యూవీకి హౌసింగ్ మీద ఎల్ఎస్‌డీ ఆయిలే పొయ్యమని చీటీ స్పష్టంగా ఉంది, చక్రాలు మాత్రం ఎదురెదురుగా తిరుగుతున్నాయి. లోపల ఉంది, పనిచెయ్యదు, అంతే. అలాంటి బండికి ఒక చక్రం మాత్రమే లేపి, న్యూట్రల్‌లో, చక్రం మధ్యన హబ్ దగ్గర టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచే పానా) పెట్టి ఎంత బలానికి కదులుతుందో కొలిస్తే ప్లేట్ల ఆరోగ్యం తెలుస్తుంది. ఎంత ఉండాలో ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక చక్రం మాత్రమే జాకీ మీద లేపి, ఇంజన్ స్టార్ట్ చేసి గేర్లో తిప్పి చూద్దాం అనే మహానుభావులు ఉంటారు. లోపల లాకర్ ఉంటే నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి ముందుకి లాగేస్తుంది. ఎదురుగా నిలబడ్డవాడి గతి చెప్పక్కర్లేదు. వద్దు.

కొత్త బండ్లలో చాలావాటికి ఈ చేతి పరీక్షలు పనికిరావు. మారుతి జిమ్నీలో ఉన్నది బ్రేకులతో నడిచే పద్ధతి, జారే చక్రానికి కంప్యూటర్ బ్రేక్ వేసి బలాన్ని రెండో వైపు మళ్లిస్తుంది. ఇంజన్ ఆపేస్తే అదీ నిద్రే. ఫోర్స్ గూర్ఖాకి లాకులు డ్రైవర్ చేతిలోనే ఉంటాయి, అనుమానమే లేదు.

ఇక వాడకం. లాకర్ ఉన్నందుకు నాలుగేళ్లలో లెక్కపెట్టి పదిహేనుసార్లు ఉపయోగపడి ఉంటుంది. వాటిలో నాలుగైదుసార్లు అది లేకపోతే ట్రాక్టర్ కోసం ఊళ్లోకి నడవాల్సి వచ్చేది. అలవాటు చేసుకోవాల్సింది ఒకటే: చక్రం తిరగడం మొదలవగానే కాలు తియ్యకూడదు, గట్టిగా తొక్కనూకూడదు. నిలకడగా పట్టి ఠక్ కోసం ఆగాలి. కొత్తవాళ్లు కంగారుపడి కాలు తీసేస్తారు, అప్పుడు లాకర్ ఉన్నా లేనట్టే.

మెచ్చుకోలేనిది కూడా ఉంది. అది ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. పాడేరు అవతల వాలుగా ఉన్న తడి మట్టి దారిలో ఒకసారి ఉన్నట్టుండి లాక్ పడింది. రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగి తోక లోయ వైపు అడుగున్నర జారింది. అందరం బతికే ఉన్నాం గానీ ఆ తర్వాత అరగంట ఎవరూ మాట్లాడలేదు. పక్కకి వాలిన దారుల్లో ఇప్పుడు 4-లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో నెమ్మది గేర్లు) వేసి, చక్రం జారకముందే పాకించుకుంటూ పోతున్నాను.

మిగతా బండి గురించి క్లుప్తంగా: వెనక కమాన్ పట్టీలు నడుము విరిచేస్తాయి, మైలేజీ నాకు 11 దాటదు, ఏసీ మే నెలలో ఉన్నా లేనట్టే. సముద్రపు గాలికి బాడీ కింద తుప్పు ప్రతి ఏడాదీ గీకించి రంగు కొట్టించాల్సిందే, విశాఖలో పాత బండి కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే. ఇంజన్ మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు.

నేను చేసిన పెద్ద తప్పు మాత్రం పోయిన సంవత్సరానిది. గేర్ ఆయిల్ మార్పిస్తూ ఒక గ్యారేజీలో మాటల్లో "ఎల్ఎస్‌డీ బండి" అన్నాను. అలవాటుగా నోటికొచ్చిన మాట. ఆ అబ్బాయి మంచి మనసుతో క్లచ్ ఎల్ఎస్‌డీలకి కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా ఒక సీసా పోసేశాడు. అది ప్లేట్లు జారడం నున్నగా ఉండేందుకు పోసేది. ఈ లాకర్‌కి అక్కర్లేదు సరికదా, ప్లేట్లు పట్టాల్సిన చోట జారతాయి. జీఎల్-5 రకం మామూలు గేర్ ఆయిల్ చాలు. ఆ తర్వాత ఠక్ రావడానికి చక్రం ఎప్పటికన్నా ఎక్కువసేపు తిరగాల్సి వస్తోంది. రెండుసార్లు ఆయిల్ దింపి కొత్తది పోశాం. కొంత మెరుగైంది, పూర్తిగా మునుపటిలా లేదు. దింపిన ఆయిల్లో లోహపు ముక్కలు లేవు, అయస్కాంతం మీద బూడిదలాంటి మెత్తని పొడి తప్ప.

గాజువాక ఆయనకి అనంతగిరి నుంచి వచ్చాక ఫోన్ చేశాను. "చెప్పాను కదా సార్" అన్నారు, ఇంకేమీ అనలేదు. పాతిక వేల ప్రస్తావన ఆయనా తేలేదు, నేనూ తేలేదు.

వచ్చే వారం మేస్త్రి హౌసింగ్ విప్పి ప్లేట్లు చూస్తానన్నారు. నాలుగేళ్లకి ఇప్పుడు దాన్ని కళ్లతో చూడబోతున్నాను. ఫోటో తీసి గాజువాక ఆయనకి పంపాలి.