ఒకే ఏడాదా, కొన్ని ఏళ్ల కలయికా, ఒకే తోటా? ఖరీదైన షాంపేన్‌లో ఏది మేలు?

సీసా మీద ఏడాది అచ్చు వేసి ఉన్న షాంపేన్, వేయనిదానికంటే గొప్పదని చాలామంది నమ్మకం. ధరలు కూడా ఆ నమ్మకాన్నే పెంచి పోషిస్తాయి. నిజానికి ఆ అంకె ఇచ్చే హామీ చిన్నది. ద్రాక్షంతా ఆ ఒక్క పంటదేనని, సీసాలో పోశాక కనీసం 36 నెలలు ఆగారని మాత్రమే అది చెబుతుంది. ఏడాది వేయనివాటికి 15 నెలలు చాలు. రుచి గురించి అది హామీ ఇవ్వదు. పైగా పాత ఏళ్ల వైన్‌తో లోపం సరిదిద్దుకునే అవకాశాన్ని వైన్ కలిపే మనిషి చేతిలోంచి లాగేసుకుంటుంది.

ముందుగా ఒకే ఏడాది పంటతో, అనేక గ్రామాల వైన్‌లను కలిపి చేసేవి. డామ్ పెరిన్యోన్, లూయీ రోదరేర్ వారి క్రిస్టల్ ఈ తరగతివి. రెండింటిలోనూ పినో నువార్, షార్డొనే అనే రెండు ద్రాక్ష రకాలు మాత్రమే ఉంటాయి. మొదటిదాంట్లో దాదాపు చెరిసగం, రెండోదాంట్లో పినోది పైచేయి. పినో వైన్‌కు నిండుదనం ఇస్తుంది, షార్డొనే పులుపునూ, నోట్లో ఎక్కువసేపు నిలిచే రుచినీ ఇస్తుంది.

అసలు పని కోత ముగిశాక, చలికాలంలో మొదలవుతుంది. ఒక్కో తోట వైన్ ఒక్కో తొట్టిలో విడిగా పులిసి ఉంటుంది. అప్పటికి దానిలో బుడగలుండవు, పళ్లు జివ్వుమనేంత పులుపు మాత్రం ఉంటుంది. కొలపాత్రల్లో కొద్దికొద్దిగా పాళ్లు మార్చి కలుపుతారు, రుచి చూసి ఉమ్మేస్తారు, మళ్లీ కలుపుతారు. పాళ్లు కుదిరాక లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ చేర్చి సీసాల్లో బిగిస్తారు. అక్కడ రెండోసారి పులిసి, సుమారు ఆరు వాతావరణాల పీడనంతో బుడగలు పుడతాయి. ఆల్కహాల్ కూడా ఒక శాతానికి పైగా పెరుగుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈస్ట్ మడ్డి మీద పడుకోబెడతారు. డామ్ పెరిన్యోన్ అయితే సుమారు ఎనిమిదేళ్లకు గాని బయటికి రాదు. అన్నేళ్ల తర్వాతి రుచిని ఆ పులుపులో ఇప్పుడే పసిగట్టాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టంగా కనిపించేది ఇదే.

ఏడాది కలిసిరాకపోతే? 2003 సంగతే చూడండి. ఏప్రిల్ మంచు షార్డొనేను దెబ్బతీసింది, వేసవి ఎండలకు ద్రాక్షలో పులుపు తగ్గింది, కోత ఆగస్టులోనే మొదలైంది. చాలా సంస్థలు ఆ ఏడాది పేరుతో సీసా తేలేదు. అప్పట్లో డామ్ పెరిన్యోన్ బాధ్యతలు చూసిన రిషార్ జెఫ్రువా తెచ్చారు, పినో వంతు మామూలుకంటే పెంచి. దాని బరువు కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. తెగువను మెచ్చుకుంటాను గాని, ఆ పంటకు పక్క ఏడాది పులుపు కొంచెం తోడైతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

రెండో దారి పుట్టింది సరిగ్గా ఆ ఆలోచన నుంచే. లోరాన్ పెరియే సంస్థకు చెందిన బెర్నార్ ద నొనాంకూర్ వాదన ఏమిటంటే, అన్నీ అమరిన ఏడాదిని ప్రకృతి ఇవ్వదు, మనమే కలిపి తయారు చేసుకోవాలి. అలా వచ్చిందే గ్రాన్ సియెక్ల్. తొలి కలయిక 1952, 1953, 1955 పంటలది. ఇప్పటికీ మూడేళ్ల లెక్కే నడుస్తోంది. 26వ కూర్పులో 2012 పంట 65 శాతం, 2008ది 25 శాతం, 2007ది 10 శాతం. ఆ పది శాతం ఎందుకని తీసిపారేయకండి. పాళ్లు కాస్త మారినా కొలపాత్రలో మొత్తం రుచి పక్కకు జరిగే పని ఇది.

క్రుగ్ సంస్థ ఇంకా దూరం వెళ్లింది. దాని గ్రాండ్ కువే కోసం పదికి పైగా ఏళ్లకు చెందిన 120కి పైగా వైన్‌లను కలుపుతారు. ఇందులో ఒక చేదు నిజం ఉంది: ఇంత శ్రమకూ సీసా మీద ఏడాది ఉండదు కాబట్టి, దుకాణంలో దాన్ని సాధారణ రకం అనుకుని పక్కన పెట్టేవాళ్లు ఎందరో.

మూడో దారి, అంటే ఒకే ఊరి లేదా ఒకే తోట ద్రాక్షతో చేసేది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ల మెనిల్ గ్రామపు షార్డొనేతో మాత్రమే చేసే సలోన్ ఇరవయ్యో శతాబ్దం మొత్తంలో 37 ఏళ్ల పంటలనే విడుదల చేసింది. నచ్చని ఏడాది ద్రాక్ష సోదర సంస్థ దెలమోత్‌కు పోతుంది. అదే గ్రామంలో గోడ కట్టిన 1.84 హెక్టార్ల తోట నుంచి క్రుగ్ వారి క్లో ద్యు మెనిల్ వస్తుంది. ఇక్కడ కలపడంకంటే వదులుకోవడమే పెద్ద పని. బాగున్నప్పుడు దీనికి సాటి లేదు. కానీ ధరలో సగం అరుదుతనానికే కడుతున్నామన్నది నా అభిప్రాయం.

త్వరలో తెరవబోయే ఒక్క సీసాకే డబ్బు ఉంటే నా ఓటు కొన్ని ఏళ్ల కలయికకు. అది దుకాణానికి వచ్చేసరికే తాగడానికి సిద్ధంగా ఉంటుంది, ఒక్క ఏడాది లోపం దాన్ని పట్టి పీడించదు. నేలమాళిగలో ఇరవై ఏళ్లు దాచేందుకైతే మాత్రం 2008 లాంటి పంటకు చెందిన ఏకవత్సర సీసా కొనండి. ఆ పంట పులుపు ఎంత గట్టిదంటే, రోదరేర్ వారు క్రిస్టల్ 2009ను ముందు విడుదల చేసి, 2008ని ఇంకొంతకాలం ఆపి ఉంచారు.

కలయిక కొనేవాళ్లు లోపల ఏముందో తెలుసుకోవడం కూడా సులువే. గ్రాన్ సియెక్ల్ మీద ఇప్పుడు కూర్పు సంఖ్య ఉంటుంది. క్రుగ్ సీసా వెనుక చీటీ మీది కోడ్‌ను సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే, ఏ ఏళ్ల వైన్‌లు కలిశాయో తెలుస్తుంది.