టెలీమెడిసిన్ బండికి 3 స్టార్లు, వీడియో క్లాసుకు 5: వెస్ట్ వర్జీనియా కొండల్లో చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

జే-1 వేవర్ (వీసా షరతు మాఫీకి బదులు పల్లెల్లో పనిచేసే ఒప్పందం) మీద అమెరికా పల్లెటూళ్ళకు వచ్చే మన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు, "అన్నా, మీ దగ్గర ఓపియాయిడ్ కేసులు బాగా ఉంటాయంట కదా, టెలీమెడిసిన్ పెట్టారంట కదా, నిజంగా పని చేస్తదా లేక ఫొటోలకేనా" అని. ఓపియాయిడ్ అంటే నల్లమందు జాతి నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటివి, టెలీమెడిసిన్ అంటే దూరం నుంచి వీడియోలోనో ఫోన్‌లోనో వైద్యం. అందరికీ అదే కథ చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా, ఇకమీద లింకు పంపిస్తే సరిపోతది. నేను వెస్ట్ వర్జీనియా దక్షిణం వైపు బొగ్గు కొండల్లో ఫ్యామిలీ డాక్టర్ని. ఊరి పేరు వద్దులెండి, చిన్న ఊరు, పేరు చెప్తే పేషెంట్లు ఎవరో కూడా తెలిసిపోద్ది.

ముందే తేల్చి చెప్తున్నా. గ్రాంటు డబ్బుతో కొన్న టెలీమెడిసిన్ బండికి (చక్రాల స్టాండు మీద స్క్రీను, కెమెరా) 5కి 3. అదే గ్రాంటుతో మీటింగ్ రూములో పెట్టిన పెద్ద టీవీలో నడిచే వీడియో క్లాసుకు 5కి 5. ఏ గ్రాంటూ అక్కర్లేని మామూలు ఫోన్ కాల్‌కు నాలుగున్నర.

ఈ గ్రాంటు ఇచ్చేది హెల్త్ డిపార్ట్‌మెంట్ కాదు, వ్యవసాయ శాఖ. యూఎస్‌డీఏ వాళ్ళ డిస్టెన్స్ లెర్నింగ్ అండ్ టెలీమెడిసిన్ గ్రాంటు, అందరూ డీఎల్‌టీ అంటారు. వ్యవసాయ శాఖకి మత్తుమందు గోలేంటి అని నాకూ మొదట్లో వింతగా అనిపించింది, కానీ 1930ల్లో ఇక్కడి పల్లెలకు కరెంటు తెచ్చిన ఆఫీసు ఉంది చూడండి, దాని వారసులే ఈ రూరల్ యుటిలిటీస్ సర్వీస్, అప్పుడు కరెంటు తీగ, తర్వాత ఫోను తీగ, ఇప్పుడు వీడియో. 2016లో ఒబామా పల్లెల ఓపియాయిడ్ పనిని అప్పటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్‌కి అప్పజెప్పాడు, ఆ ఏడే కెంటకీ, టెనెసీ, వర్జీనియాల్లో 5 ప్రాజెక్టులకు సుమారు 14 లక్షల డాలర్లు ఈ పద్దు కిందే ఇచ్చారు. 2018 ఫార్మ్ బిల్లులో (వ్యవసాయ చట్టం) అయితే డీఎల్‌టీ డబ్బులో 20 శాతం వ్యసన చికిత్స ప్రాజెక్టులకే పక్కన పెట్టాలని రాసేశారు. మనం కనీసం 15 శాతం వాటా పెట్టుకోవాలి. ముఖ్యమైన సంగతి ఏంటంటే ఈ డబ్బు ప్రధానంగా సామానుకు. కెమెరాలు, స్క్రీన్లు, వీడియో పరికరాలు కొనొచ్చు, డాక్టర్ జీతం, నర్సు జీతం దీంట్లో రావు. నా రివ్యూ అంతా ఈ ఒక్క పాయింటు చుట్టూనే తిరుగుతది.

ఇక్కడి సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది, బొగ్గు గనుల్లో నడుములు విరిగిన మనుషులున్న ఈ కొండల్లోకి నొప్పి మాత్రలు వరదలా వచ్చి పడ్డాయి. కెర్మిట్ అని 400 మంది ఉన్న ఊళ్ళో ఒక్క మందుల షాపుకు రెండేళ్ళలో 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు వచ్చాయి, ఇది ఛార్లెస్టన్ పేపర్ విలేకరి ఎరిక్ అయర్ లెక్కలు లాగి బయటపెట్టిన సంగతి, ఆయనకు 2017లో పులిట్జర్ కూడా వచ్చింది. మాత్రలు బిగిస్తే జనం హెరాయిన్‌కు పోయారు, హెరాయిన్‌లో దానికన్నా ఎంతో ఘాటైన ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ కలిసింది. దేశం మొత్తం మీద ఓవర్‌డోస్ చావులు 2017లో 70 వేలు దాటాయి, 2021లో లక్ష దాటాయి, 2024లో 80 వేల చుట్టూ దిగాయి. మా నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యాడు, కొత్తగూడెంలో నడుం నొప్పి లేని ఇల్లు లేదు, కానీ అక్కడ జండూబామ్, డైక్లోఫెనాక్‌తో సరిపెట్టారు. ఇక్కడి గని కార్మికుడికీ మా నాన్నకీ తేడా ఆ చీటీ రాసిన చెయ్యి ఒక్కటే అని నాకు ఎప్పుడూ అనిపిస్తది.

ఇక బండి సంగతి. చక్రాల మీద స్టాండు, పైన స్క్రీను, తిరిగే జూమ్ కెమెరా, పక్కన డిజిటల్ స్టెతస్కోపు, చెవిలో చూసే కెమెరా, చర్మం చూసే కెమెరా. పేషెంటు మా క్లినిక్‌లో కూర్చుంటే మూడు గంటల డ్రైవింగ్ దూరంలో ఉన్న యూనివర్సిటీ అడిక్షన్ డాక్టర్ స్క్రీన్ మీద కనిపిస్తాడు. ఇంట్లో ఫోన్ ఉండగా క్లినిక్‌కు ఎందుకు రావాలి అంటారా, దానికి చట్టం కారణం. 2001లో రయన్ హైట్ అని 18 ఏళ్ళ కుర్రాడు ఆన్‌లైన్‌లో తెప్పించిన నొప్పి మాత్రలతో చనిపోయాడు, అతని పేరు మీద 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఒక్కసారైనా ఎదురుగా చూడకుండా కంట్రోల్డ్ మందు (దుర్వినియోగం అవుతుందని ప్రభుత్వం అదుపులో పెట్టినది) ఇంటర్నెట్‌లో రాయకూడదు. ఆ చట్టంలో ఒక సందు ఉంది, పేషెంటు డీఈఏ (మత్తుమందుల మీద నిఘా పెట్టే ఫెడరల్ ఏజెన్సీ) రిజిస్ట్రేషన్ ఉన్న ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో కూర్చుని ఉంటే అవతలి డాక్టర్ వీడియోలో చూసి రాయొచ్చు. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు బ్యూప్రెనార్ఫిన్, అంటే జనం సబాక్సోన్ స్ట్రిప్ అంటారే, అది కూడా కంట్రోల్డ్ మందే. అందుకే మా బండి ఆ సందులో దూరి కొన్నాళ్ళు రాజ్యమేలింది.

కెమెరా మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. స్ట్రిప్ మొదలుపెట్టే ముందు పేషెంటు నిజంగా విత్‌డ్రాయల్‌లో (మత్తు ఆగినప్పుడు వచ్చే బాధలో) ఉన్నాడా అని కౌస్ స్కేలు మీద మార్కులు వేయాలి, కంటి పాప ఎంత పెద్దదైంది, రోమాలు నిక్కబొడుచుకున్నాయా, ఆవులింతలు, చెమట, కాళ్ళు కదిలించడం. తొందరపడి మందు ఇచ్చేస్తే ఒంట్లో ఉన్న ఓపియాయిడ్‌ని ఇది ఒక్కసారిగా తోసేసి విత్‌డ్రాయల్ పదింతలు చేస్తది, ఒకసారి అట్ల అయినోడు మళ్ళీ క్లినిక్ గడప తొక్కడు. ఫెంటనిల్ వచ్చాక ఇది ఇంకా తిప్పలైంది, అది కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికొస్తది కాబట్టి ఎన్ని గంటలు ఆగాలో పాత లెక్కలు పని చేయవు. ఆ జూమ్ కెమెరాలో కంటి పాప స్పష్టంగా కనిపిస్తది, అవతలి డాక్టర్ "ఇంకో రెండు గంటలు ఆగుదాం" అంటాడు, ఆగుతాం. బండికి ఇచ్చిన 3 స్టార్లలో ఒకటి దీనికే.

డిజిటల్ స్టెతస్కోపు, చెవి కెమెరా డబ్బాలోనే ఉన్నాయి. ఈ పనికి వాటి అవసరమే లేదు, ప్యాకేజీలో వచ్చాయి కాబట్టి వచ్చాయి. గ్రాంటు కాలం అయిపోయాక సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాత్రం ఏటేటా కట్టాలి, కంపెనీ పేరు చెప్పను, రెన్యూవల్ కోట్ చూసి మా ఆఫీస్ మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలింది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మైక్ పోతది. ఐటీ హెల్ప్‌కి ఫోన్ చేస్తే మన వాడే ఎత్తాడు ఒకసారి, హైదరాబాద్ నుంచి, ఆ రోజు మాత్రం పని చిటికెలో అయిపోయింది, అది వేరే కథ.

అసలు లోపం మిషన్‌లో లేదు. బండి ఉన్న గదిలో ఒక మనిషి ఉండాలి. మూత్రం కప్పు ఇచ్చి దాని మీద టెంపరేచర్ పట్టీ చూడాలి, బీపీ పట్టాలి, చెమటలు పడుతున్నోడికి మంచినీళ్ళివ్వాలి, ఏడిస్తే పక్కన కూర్చోవాలి, కాల్ కట్ అయితే "ఆగు నాయనా పోకు" అని ఆపాలి. మా దగ్గర ఆ పని చేసిన మెడికల్ అసిస్టెంట్ ఈ ఊరి పిల్లే, పేషెంట్లలో సగం మంది ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమె ఉన్న రోజుల్లో అపాయింట్‌మెంట్లు నిండుగా నడిచేవి. ఆమె జీతానికి ఏ పద్దూ దొరక్క ఆమె ఇంకో ఉద్యోగానికి పోయాక అదే బండి, అదే కెమెరా, అదే డాక్టరు, గది మాత్రం ఖాళీ. కొత్త పల్లకీ కొని బోయీలను మాన్పించినట్టు అయింది మా పని. బండికి తగ్గించిన 2 స్టార్లు దీనికే.

తర్వాత కోవిడ్. 2020 మార్చిలో డీఈఏ వాళ్ళు రూల్ సడలించి బ్యూప్రెనార్ఫిన్ ఫోన్‌లో మాట వినైనా మొదలుపెట్టొచ్చు అన్నారు. వీడియో కూడా అక్కర్లేదు! రాత్రికి రాత్రి బండికి దుమ్ము పట్టింది. మా పేషెంట్లలో చాలామందికి డ్రైవింగ్ లైసెన్సు సస్పెండ్ అయి ఉంటది, కారుంటే పెట్రోలు ఉండదు, హాలర్ అంటారు ఇక్కడ, రెండు కొండల మధ్య ఇరుకు లోయ, అక్కడ సిగ్నల్ ఉండదు, వీడియో అంటే గుట్ట ఎక్కి కారు ఆపి మాట్లాడాలి లేదా లైబ్రరీ పార్కింగ్‌లో వైఫై పట్టుకోవాలి. ఇదే రాష్ట్రంలో గ్రీన్ బ్యాంక్ దగ్గర పెద్ద రేడియో టెలిస్కోపు ఉంది, దాని కోసం 1958 నుంచి ఆ చుట్టుపక్కల రేడియో క్వైట్ జోన్, సెల్ టవర్ల మీద ఆంక్షలు, అక్కడి వాళ్ళకు వీడియో విజిట్ అని బ్రోషర్ ఇస్తే నవ్వుతారు. ల్యాండ్‌లైన్ మాత్రం మోగుతది. ఫోన్‌లో మనిషి గొంతు వింటే నాకు చాలా తెలిసిపోతది, ముక్కు కారుతుందా, మాట ముద్దగా వస్తుందా, వెనకాల ఎవరు అరుస్తున్నారు. కనపడదు కాబట్టి అర స్టారు కోత.

ఫోన్‌తో ఒక పెద్ద తలనొప్పి మందుల షాపు. నేను చీటీ పంపిస్తా, ఫార్మసీ వాళ్ళు "టెలీహెల్త్ చీటీ కదా, మేం ఇవ్వం" లేదా "స్టాకు లేదు" అంటారు, పేషెంటు ఇంకో ఊరికి పోవాలి, ఆ మధ్యలో ఒక్క రాత్రి చాలు మళ్ళీ వీధి సరుకు కొనడానికి. ఆ ఫోన్ సడలింపుకు కూడా నిలకడ లేదు. 2023లో డీఈఏ మళ్ళీ బిగించాలని డ్రాఫ్టు పెడితే 38 వేలకు పైగా కామెంట్లు వచ్చాయి, సడలింపు పొడిగిస్తూ పొడిగిస్తూ లాగారు, 2025 జనవరిలో బ్యూప్రెనార్ఫిన్‌కి ఫోన్ మీద ఆరు నెలల దాకా రాయొచ్చని ఫైనల్ రూల్ తెచ్చి దాని అమలు తేదీ కూడా వెనక్కి జరిపారు. డిసెంబర్ వచ్చిందంటే మా పేషెంట్లు అడిగే మొదటి ప్రశ్న "డాక్, జనవరిలో నా స్ట్రిప్పులు ఉంటాయా". ఇన్నాళ్ళ వాడకంలో ఏ సాఫ్ట్‌వేర్ క్రాష్ కన్నా ఇదే ఎక్కువ నష్టం చేసింది.

ఇప్పుడు అసలు 5 స్టార్ల సంగతి, ఎవరూ అడగనిది. గ్రాంటు పేరులోనే డిస్టెన్స్ లెర్నింగ్ ముందుంది, టెలీమెడిసిన్ తర్వాత. మా మీటింగ్ రూములో టీవీ పెట్టి శుక్రవారం మధ్యాహ్నం భోజనం టైములో ప్రాజెక్ట్ ఎకో పద్ధతిలో క్లాసు. దీన్ని మొదలుపెట్టింది సంజీవ్ అరోరా అని మన దేశం నుంచి వచ్చిన లివర్ డాక్టర్, న్యూ మెక్సికో యూనివర్సిటీలో, 2003లో. హెపటైటిస్ సి పేషెంట్లు ఆయన్ని కలవాలంటే నెలల తరబడి వెయిటింగు, వందల మైళ్ళ ప్రయాణం, అందుకని ఆయన పేషెంట్లను రప్పించుకోకుండా వాళ్ళ ఊరి డాక్టర్లకే వీడియోలో పని నేర్పాడు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో ఊరి డాక్టర్లు చేసిన వైద్యం యూనివర్సిటీ వైద్యంతో సమానంగా తేలింది. అదే పద్ధతి అడిక్షన్‌కూ పెట్టారు.

ఎట్ల నడుస్తదంటే, మొదట ఓ పావుగంట చిన్న పాఠం, తర్వాత మాలో ఒకరు పేరు లేకుండా ఒక పేషెంటు కేసు చెప్తాం, పది క్లినిక్‌ల వాళ్ళు ప్రశ్నలడుగుతారు, చివర్లో స్పెషలిస్టు సలహా రాసి పంపుతాడు. గర్భిణీకి బ్యూప్రెనార్ఫిన్ డోసు పొద్దున సాయంత్రం విడగొట్టాలా, పన్ను పీకించుకుంటే స్ట్రిప్ ఆపాలా (ఆపొద్దు), మూత్రంలో మెత్ (ఇంకో రకం మత్తుమందు) దొరికిందని ట్రీట్‌మెంటు నుంచి తీసేయాలా (తీసేయొద్దు, ఈ మాట మా పాత నర్సుకు అరిగించుకోవడానికి చాలా కాలం పట్టింది). ఈ ఊళ్ళో "వీళ్ళకు ఒక డోపు మాన్పించి ఇంకో డోపు ఇస్తున్నారు" అనే మాట చర్చిలో, బార్బర్ షాపులో, మా క్లినిక్ రిసెప్షన్‌లో కూడా వినేవాణ్ని. వారం వారం ఆ టీవీ ముందు కూర్చుని పక్క కౌంటీ నర్సు తన కేసు చెప్పుకుంటుంటే విని విని మా రిసెప్షన్ ఆమె గొంతు మారింది. పేషెంటు మొదట చూసేది ఆమెనే కదా.

ఇంకోటి. ఒకప్పుడు ఈ మందు రాయాలంటే ఎక్స్ వేవర్ అనే ప్రత్యేక అనుమతి కావాలి, డాక్టర్లకు 8 గంటల ట్రైనింగు, నర్స్ ప్రాక్టీషనర్లకు (మందులు రాసే అర్హత ఉన్న నర్సులు) 24 గంటలు, పేషెంట్ల సంఖ్యకు పరిమితి. 2022 డిసెంబర్ చివర్లో బడ్జెట్ చట్టంతో దాన్ని తీసేశారు. ఇప్పుడు డీఈఏ నంబరు ఉన్న చాలామంది రాయొచ్చు, కానీ రాయరు, ఎందుకంటే భయం. ఆ భయం పోగొట్టేది చట్టం కాదు, ఆ శుక్రవారం క్లాసే. మూడు గంటల దూరం డాక్టరు బండిలో వారానికి కొద్దిమందిని చూసేవాడు, ఆయన దగ్గర నేర్చుకున్నాక నేను, మా నర్స్ ప్రాక్టీషనరు రోజూ చూస్తున్నాం. హెపటైటిస్ సి కూడా ఇక్కడే మాత్రలతో నయం చేస్తున్నాం, సూదులు పంచుకున్న వాళ్ళలో అది చాలా ఎక్కువ.

మన దగ్గర పెట్టొచ్చా అని తమ్ముడొకడు అడిగాడు. మన దేశంలో 2020 టెలీమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం బ్యూప్రెనార్ఫిన్ లాంటి నార్కోటిక్, సైకోట్రోపిక్ మందులు టెలీ కన్సల్టేషన్‌లో రాయడానికే లేదు, కాబట్టి మా ఫోన్ పద్ధతి అక్కడ నడవదు. కానీ వీడియో క్లాసు మాత్రం నడుస్తది, బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు ఇదే ఎకో పద్ధతిలో డాక్టర్లకు వ్యసన చికిత్స నేర్పుతున్నారు, జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే వాళ్ళు ఒకసారి చూడండి.

ఇక్కడ అప్లై చేసేవాళ్ళకు: సామాను డీఎల్‌టీలో అడగండి, మనిషి జీతం మాత్రం వేరే చోట అడగండి, 2018 నుంచి హెచ్‌ఆర్‌ఎస్‌ఏ (ఫెడరల్ హెల్త్ ఏజెన్సీ) వాళ్ళది ఆర్‌కార్ప్ అని పల్లెల ఓపియాయిడ్ గ్రాంటు ఉంది, దాంట్లో జీతాలు పెట్టుకోవచ్చు, రెండూ కలిసి రాయకపోతే మా గదిలాగే ఖాళీగా ఉంటది. బండి కొంటే స్టెతస్కోపు ప్యాకేజీ తీసేయించండి, ఆ డబ్బు లైసెన్సుకు వస్తది. మీటింగ్ రూముకు కెమెరా మామూలుది చాలు, మైకు మాత్రం ఖరీదైనా మంచిదే కొనండి, బల్ల చివర కూర్చున్న నర్సు గొంతు అవతలికి వినపడకపోతే ఆమె వచ్చే వారం రాదు.