కార్పెట్ షాంపూ మిషన్ కొన్నాం, పసుపు మరక మాత్రం పోలేదు

అమ్మ తెనాలి నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, పైన బెడ్‌రూమ్‌లో అడుగుపెట్టి నాలుగు మూలలూ చూసి అడిగిన మొదటి మాట, "ఏమే, ఈ గదిలో నేలేదీ?" కార్పెట్ అమ్మా అని చెప్పా. "అంటే దుప్పటి పరిచి మేకులు కొట్టేశారన్నమాట. మరి కడగడం ఎలాగ?" వారం వారం వ్యాక్యూమ్ చేస్తాం కదా అన్నా. ఊడవడం వేరు, కడగడం వేరు అంది. నాకు జవాబు దొరకలేదు. నెల తిరక్కుండా మా ఆయన కార్పెట్ షాంపూ మిషన్ ఒకటి ఆర్డర్ పెట్టేశారు.

దానికిప్పుడు రెండేళ్లు దాటింది. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే కొంచెం తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఈ ధరలో దొరికేవాటిలో తెలిసినవాళ్ల ఇళ్లలో నేను చూసినవన్నీ దాదాపు ఒక్క తీరుగానే ఉన్నాయి. నిలబెట్టి తోసే రకం, పన్నులతో కలిపి 250 డాలర్లు దాటింది. మంచి నీళ్లకో ట్యాంకు, మురికి నీళ్లకో ట్యాంకు, కింద తిరిగే బ్రష్, మెట్లకీ సోఫాకీ ఒక గొట్టం. మీట నొక్కితే సబ్బు నీళ్లు చిమ్ముతుంది, బ్రష్ రుద్దుతుంది, మీట వదిలి వెనక్కి లాగితే నీళ్లు పీల్చుకుంటుంది. అంతే, ఇందులో మాయ ఏమీ లేదు. ఆవిరి అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. ఆవిరి కాదు, మనం పోసే కుళాయి వేడినీళ్లే. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ పాడవుతుంది, ఆ పని చేయకండి.

మేముండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమింగ్ అనే ఊళ్లో. కింద చెక్క నేల, పైన నాలుగు గదులూ మెట్లూ అంతా కార్పెట్. ఇక్కడ కార్పెట్‌కి మూడు కష్టాలు. మార్చి చివర్లో పైన్ చెట్ల పుప్పొడి, కార్ల మీదా పోర్చ్ మీదా పసుపు చల్లినట్టు పడుతుంది, కాళ్లతో నేరుగా లోపలికొస్తుంది. రెండోది జార్జియా ఎర్రమట్టి. మూడోది మనమే, అంటే సాంబారు, నెయ్యి, ఆవకాయ, గదిలోకి ప్లేటు తీసుకెళ్లి తినే పిల్లలు.

ఇంకో సంగతి, కాస్త పక్కదారి. అట్లాంటా నుంచి చటనూగా వెళ్లే దారిలో డాల్టన్ అనే ఊరు తగులుతుంది, ప్రపంచ కార్పెట్ రాజధాని అని చెప్పుకుంటారు. అక్కడ ఈ పరిశ్రమకి మొదలు కార్పెట్ కాదు, దుప్పటి! 1895లో క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి చేత్తో కుచ్చులు కుట్టి మంచం మీద కప్పే దుప్పటి ఒకటి చేసింది, అది చూసి జనం అడగడం, ఊరంతా కుట్టడం, తర్వాత మిషన్లు రావడం, అదే కుట్టుతో కార్పెట్లు చేయడం. కాబట్టి మా అమ్మ అన్న "దుప్పటి" మాటలో తప్పేమీ లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇళ్లలో పరిచే కార్పెట్లు చాలావరకు ఇలా కుట్టినవే. పైన కుచ్చులు, వాటిని పట్టుకునే అట్టలాంటి గుడ్డ, వెనక జిగురు, దాని కింద స్పాంజి లాంటి మెత్త. మనకి కనిపించేది పై అర అంగుళం మాత్రమే. నీళ్లు ఎక్కువ పోస్తే అవి వెళ్లి కూర్చునేది మనకి కనిపించని ఆ కింది మెత్తలో.

నేను మొదటిసారి చేసిన ఘనకార్యం సరిగ్గా అదే. జూలై నెల. సీసా మీద గీసిన గీత కంటే ఇంకో మూత ఎక్కువ షాంపూ పోశా (మురికి ఎక్కువుంది కదా, సబ్బూ ఎక్కువ కావాలని నా తెలివి), మీట నొక్కి పట్టుకుని ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు తోశా. మురికి ట్యాంకు తీసి చూస్తే వానాకాలం కాలవ నీళ్లు, దాని మీద జానెడు నురగ. ఫోటోలు తీసి చెల్లికి పంపా. గది కూడా మెరిసిపోయింది. కిటికీలు తెరిచి పెట్టి, గాలికి ఆరుతుందిలే అనుకుని, సాయంత్రం గుడికి వెళ్లిపోయాం.

మర్నాటికి ఆరలేదు. జూలైలో ఇక్కడి గాలిలోనే నీళ్లుంటాయి, కిటికీ తెరిస్తే తడి బయటికి పోవడం కాదు, లోపలికే వస్తుంది. మూడో రోజుకి ఆ గదిలో, ముసురు పట్టినప్పుడు దండెం మీద వదిలేసిన తువ్వాలు వాసన. ఆరాక అంతకంటే వింత, మాయమైందనుకున్న కాఫీ మరక మళ్లీ పైకి తేలింది, ముందుకంటే కొంచెం పెద్దగా! మిషన్ దండగ అని ఆ రోజే తిప్పి పంపబోయాం. తర్వాత అర్థమైంది ఏంటంటే కింద మెత్తలోకి దిగిన కాఫీ, పైన ఆరుతున్నకొద్దీ తడితో పాటు కుచ్చుల వెంట పైకి ఎక్కుతుంది, దీపంలో వత్తి నూనె లాగినట్టు. నెల తిరిగేసరికి నడిచే దారంతా మళ్లీ నల్లబడింది, అది మిగిలిపోయిన సబ్బు చేసిన పని. కుచ్చుల్లో సబ్బు ఉండిపోతే జిగటగా ఉంటుంది, ప్రతి కాలి దుమ్మునీ పట్టుకుంటుంది.

ఇదంతా ఫోన్‌లో చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది. "సబ్బు పెట్టావు సరే, జాడించావా? పిండావా?"

ఈ మిషన్ గురించి నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఆ ప్రశ్నకి సరిపోవు. అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ముందు రోజు సామాను జరిపి గట్టిగా వ్యాక్యూమ్ చేస్తా, రెండు వైపుల నుంచీ. వెంట్రుకలూ పొడి దుమ్మూ ముందే పోవాలి, లేకపోతే తడిసి బురదవుతాయి. షాంపూ గీతలో సగం మాత్రమే. మీట నొక్కి ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. తర్వాత మీట వదిలేసి, అదే చోట మూడు నాలుగు సార్లు మెల్లగా లాగుతా, గొట్టంలో నీళ్లు కనిపించడం ఆగేదాకా. మెల్లగా అంటే నిజంగా మెల్లగా, పెళ్లికూతురు నడకలాగా. గది మొత్తం అయ్యాక ట్యాంకు కడిగి వట్టి వేడినీళ్లతో ఇంకో విడత, అందులో అర గ్లాసు తెల్ల వెనిగర్. అదే జాడించడం. మళ్లీ పొడి లాగుళ్లు. కిటికీలు మూసి, ఏసీ వేసి, రెండు టేబుల్ ఫ్యాన్లు నేలకి వాలుగా పెడతా. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే రాత్రి పడుకునే వేళకి ఆరుతోంది. ఒక గదికి గంటన్నర పడుతుంది, నడుం పడిపోతుంది, అది కూడా చెప్పాలి. ఒక్క రోజులో ఇల్లంతా చేసేద్దాం అనుకోవద్దు.

ఇక మరకల సంగతి, అసలు అందరూ అడిగేది అదే.

ఎర్రమట్టికి ఈ మిషన్‌ని మించింది లేదు, కాకపోతే తడి మట్టి మీద తుడవకూడదు. మా వాడు సాకర్ ఆడొచ్చి బూట్లతో మెట్లెక్కేస్తే, ప్రాణం ఉగ్గబట్టుకుని పూర్తిగా ఎండేదాకా అలాగే వదిలేస్తా, తర్వాత వ్యాక్యూమ్, తర్వాత మిషన్. ఆ ఎరుపంతా ఇనుము తుప్పు రంగే, దాని మీద క్లోరిన్ బ్లీచ్ మాత్రం పోయకండి, ఇంకా గట్టిపడుతుంది. పాలు, జ్యూస్, పిల్లల వాంతులు, వెంటనే పట్టుకుంటే అన్నీ పోయాయి. నెయ్యి, ఆవకాయ నూనె కొంచెం మొండివి. మా కార్పెట్ పాలిస్టర్, నీళ్ల మరకల్ని తేలిగ్గా వదిలేస్తుంది కానీ నూనెని ప్రేమగా పట్టుకుంటుంది. నైలాన్ అయితే నూనె కంటే రంగు మరకలతోనే ఎక్కువ గొడవ. నూనె పడ్డ చోట ముందు కార్న్‌ఫ్లోర్ చల్లి పీల్చుకోనిచ్చి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి గుడ్డతో అద్ది, అప్పుడు మిషన్ పెడితే పోతోంది. రుద్దకండి, అద్దండి.

పసుపు దగ్గర మాత్రం మిషన్ చేతులెత్తేసింది. పోయిన సంక్రాంతికి అమ్మే చేసిన పులిహోర, గిన్నెతో సహా మంచం పక్కన బోర్లాపడింది. నేను హుషారుగా మిషన్ తెచ్చి షాంపూ నీళ్లు చిమ్మానో లేదో, పసుపుపచ్చ మరక కాస్తా ఎర్రగా మారిపోయింది. ఒక్క క్షణం గుండె ఆగింది. అమ్మ మాత్రం నవ్వుతోంది. "పారాణి కలిపావే!" నిజమే కదా, పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుందని మనకి తెలియనిదా, షాంపూలో ఉండే క్షారం అదే పని చేసింది. వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపుపచ్చకి వచ్చింది, కానీ పోలేదు. ఊళ్లో అయితే చొక్కా మీద పసుపు పడితే ఉతికి ఎండలో వేస్తాం, ఎండకే మాయమవుతుంది. మేకులు కొట్టిన దుప్పటిని ఎండలో ఎలా ఆరేయను? చివరికి మందుల షాపులో గోధుమరంగు సీసాలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, ముందు అల్మరా లోపలి మూల కార్పెట్ మీద రంగు పోతుందేమో చూసుకుని, తెల్ల గుడ్డతో మూడు రోజులు అద్దితే, పొద్దుటి ఎండ పడే కిటికీ పక్క కావడం కూడా కలిసొచ్చి, ముప్పాతిక భాగం పోయింది. మిగిలిన పావు మీదకి మంచం జరిపాం. ఉన్ని కార్పెట్ అయితే ఈ పెరాక్సైడ్ జోలికి వెళ్లొద్దు.

ఉన్ని అంటే గుర్తొచ్చింది, ఈ మిషన్ అన్నిటికీ కాదు. మా దగ్గర వరంగల్ దర్రీ ఒకటుంది, నూలుది, పెళ్లికి అత్తయ్య ఇచ్చారు. ఊపులో దాన్ని కూడా నేల మీద పరిచి మిషన్ ఎక్కించబోయా, అత్తయ్య వీడియో కాల్‌లో ఉన్నారు కాబట్టి బతికిపోయింది. "ముందు తెల్లగుడ్డ తడిపి మూలకి రాసి చూడమ్మా" అన్నారు. గుడ్డకి ఎర్ర రంగు అంటింది. చేత్తో నేసిన నూలు దర్రీలు ఇలా తడిపితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకొచ్చు, ముడుచుకుపోవచ్చు కూడా. దానికి దులుపుడే మందు.

ఇప్పుడు తిట్లు. చప్పుడు భరించలేనిది, పాపకి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాల్సిందే. ట్యాంకులో గాలన్ నీళ్లు, అంటే 3.8 లీటర్లు పట్టాలి, కానీ నురగ ఎక్కువైతే మురికి ట్యాంకులోని తేలుడు బిళ్ల సగానికే పైకి లేచి పీల్చడం ఆపేస్తుంది. శబ్దం సన్నగా కీచుమంటే అర్థం అదే, ఆపి పారబోయాలి. ఒక్క గదికి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి తిరుగుతానో లెక్కే లేదు. మెట్లకి ఇచ్చిన గొట్టం పొట్టిది, మిషన్‌ని మెట్టు మీద ఒక కాలితో ఆపుకుంటూ ఇంకో చేత్తో రుద్దాలి. ఇద్దరు లేకుండా మెట్లు చేయొద్దు. బ్రష్‌కి మా ఇంటి ఆడవాళ్ల జుట్టంతా చుట్టుకుంటుంది, కత్తెరతో కోసి తీయాలి. అన్నిటికంటే చిరాకు, పని అయ్యాక మిషన్ని కడగడం. ఒకసారి బద్ధకించి మురికి ట్యాంకు అలాగే వదిలేశా, వారం తర్వాత మూత తీస్తే గరాజ్‌లో నిలబడలేకపోయాం.

ఏడాదిన్నరకి ట్యాంకు పిడి దగ్గర పగులొచ్చింది. ఫోన్ చేస్తే వారంటీలో ట్యాంకులు రావన్నారు, అరగంట పాట విన్నాక. కొత్త ట్యాంకుకి దాదాపు 40 డాలర్లు అయింది.

కొనాలా వద్దా అంటే, అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటూ ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోసం ఒక్కసారి చేయాలనుకుంటే కొనకండి. సూపర్ మార్కెట్లలో, హార్డ్‌వేర్ షాపుల్లో రోజు అద్దెకిచ్చే పెద్ద మిషన్లు ఉంటాయి, మేము ఒకసారి తెస్తే షాంపూతో కలిపి 60 దాకా అయింది, బరువెక్కువ కానీ మా దానికంటే బాగా పీల్చింది. మనిషిని పిలిపిస్తే మా నాలుగు గదులకీ మెట్లకీ 280 అడిగారు. వ్యాన్‌లోని యంత్రంతో చేసే వాళ్ల పని వేరే స్థాయి, మన మిషన్ దానికి సాటి రాదు. పెద్ద కడుగుడుకి వాళ్లనే రెండేళ్లకోసారి పిలుద్దామని మేమిద్దరం అనుకున్నాం. కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో రాత్రి పదకొండింటికి వాంతి చేసుకుంటే ఎవరొస్తారు? మాకు దాని ధర అక్కడే కిట్టింది. ఒకటి రెండు గదులే కార్పెట్ ఉన్నవాళ్లకి, చేత్తో పట్టుకునే చిన్న మరకల మిషన్ చాలు, దాని ధర ఇందులో సగం.

మా వీధిలో నలుగురం తెలుగువాళ్లం ఉన్నాం, మిగతా ముగ్గురూ కొనలేదు, కొనాల్సిన అవసరమూ వాళ్లకి లేదు, ఎందుకంటే మాది ఉందిగా. ప్రస్తుతం మిషన్ ఎదురింటి వదిన వాళ్లింట్లో ఉంది, వాళ్లమ్మాయి పుట్టినరోజు కేకు తాలూకు పని. బ్రష్‌లో జుట్టు తీసి పంపమని మెసేజ్ పెట్టాలి, పోయినసారి తీయలేదు.