జీతాలు వెనకపడ్డ నెలలో సిబ్బందికి కృతజ్ఞతలు: సర్క్యులరా, సభా, సెక్షన్లకు వెళ్లడమా?

తిరుపతిలో, కుప్పంలో కొత్తగా డీన్లు, ప్రిన్సిపాళ్లు అయినవాళ్లు ఈమధ్య నన్ను అడిగేది ఒకటే. రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకిచ్చే బ్లాక్ గ్రాంటు ఆలస్యమైంది, జీతాలు, పెన్షన్లు వెనకపడ్డాయి, అయినా పరీక్షలు ఆగలేదు. వీసీ (వైస్ ఛాన్సలర్) గారి తరఫున సిబ్బందికి కృతజ్ఞతలు ఎలా చెప్పిస్తే అందరూ కలిసి నిలబడతారు? రిజిస్ట్రార్ కార్యాలయంలో ఏళ్ల తరబడి సర్క్యులర్లు రాసినవాణ్ణని నా దగ్గరికొస్తున్నారు. ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ), సంస్కృత విశ్వవిద్యాలయాలకు డబ్బు కేంద్రం నుంచి వస్తుంది, వాటి లెక్క వేరు. రాష్ట్ర గ్రాంటు మీద బతికే క్యాంపస్‌ల సంగతే చెబుతాను.

సర్క్యులర్‌లో మంచి ఉంది. ఒకే మాట ఒకే రోజు అన్ని విభాగాలకూ చేరుతుంది, పుకార్లు తగ్గుతాయి. అయితే దాని అడుగున ఉండే ప్రతుల జాబితా చూడండి. డీన్లు, విభాగాధిపతులు, సూపరింటెండెంట్లు ఉంటారు. మెస్‌లో వంట చేసేవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఔట్‌సోర్సింగ్ కింద ఉంటారు కాబట్టి అందులో ఉండరు. జీతం ఆగితే అందరికన్నా ముందు ఇబ్బందిపడేది వాళ్లే.

సభ పెడితే కళగా ఉంటుంది, రిటైరైనవాళ్లను కూడా పిలవొచ్చు. కానీ ముందు వరసలో ప్రొఫెసర్లు, వెనక గోడ దగ్గర అటెండర్లు. పదిమందికి శాలువాలు కప్పితే, రాత్రిళ్లు కూర్చొని పని చేసిన మిగతావాళ్ల మనసు నొచ్చుకుంటుంది. డబ్బుల్లేని నెలలో శాలువాల బిల్లు ఎవరికైనా గుచ్చుకుంటుంది.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒకటే: కృతజ్ఞత అందుకున్నవాడికి ఎదురు ప్రశ్న అడిగే వీలుందా, లేదా? 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం వీసీ పదవీకాలం మూడేళ్లు. గుమస్తా అక్కడే ముప్పై ఏళ్లుంటాడు, ఎందరో వీసీల మాటలు విని ఉంటాడు. అడిగి జవాబు రాబట్టుకుంటే తప్ప నమ్మడు. కాగితాన్ని అడగలేడు, వేదిక మీదున్నవాళ్లను అడగడానికి జంకుతాడు.

ఇక మూడోది, సెక్షన్లకు వెళ్లడం. నేను పనిచేసినచోట ఒక వీసీగారు ఎగ్జామినేషన్ బ్రాంచికి వచ్చి, జవాబు పత్రాల కట్టల మధ్య స్టూలు లాక్కొని కూర్చున్నారు. రెగ్యులర్, టైం స్కేల్, కాంట్రాక్టు తేడా లేకుండా అందరూ చుట్టూ నిలబడ్డారు. ఫలితాలు గడువుకు ముందే ఇచ్చారని, ఎవరు ఏ పని చేశారో పేరుపేరునా చెప్పారు. వెనకనుంచి ఒక అటెండరు అన్నాడు: "సార్, జీతం ఎప్పుడు పడతాదో చెప్పండి. పడేది కాకుంటే అది కూడా చెప్పేయండి, బ్యాంకోళ్లతో మాట్లాడుకుంటాం." వీసీగారు అక్కడే ఫైనాన్స్ ఆఫీసరుకు ఫోన్ చేసి కనుక్కొని, పన్నెండో తేదీకి ముందు రాదని చెప్పేశారు. చెడు కబురే. అయినా ఆ సాయంత్రం కట్టలు కట్టడానికి అందరూ ఆగారు, వాళ్లతోపాటు ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు కూడా. అన్ని తరగతులవాళ్లూ ఒకేచోట నిలబడి ఒకే జవాబు విన్నారు. ఐకమత్యం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇలా సెక్షన్లకు వెళ్లడంలో కష్టం లేకపోలేదు. పెద్ద క్యాంపస్‌లో అన్ని సెక్షన్లూ తిరగడానికి వారాలు పడుతుంది, కొన్నిచోట్ల నిలదీస్తారు. ఆ మాటలు పడటానికి సిద్ధం కానివాళ్లు వెళ్లకపోవడమే నయం.

వాట్సాప్ సందేశం, విందు భోజనం సంగతి కూడా అడుగుతారు. మొదటిది పెట్టినా నష్టం లేదు, రెండోది జీతాలు పడ్డాక చూసుకోవచ్చు.

వెళ్లేవాళ్లు హాస్టల్ మెస్‌తో మొదలుపెట్టండి. తర్వాత పరీక్షల విభాగం, శానిటేషన్, సెక్యూరిటీ. బోధనా విభాగాలు చివరికి. ఫైనాన్స్ ఆఫీసరును తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే ఎక్కడైనా మొదటి ప్రశ్న తేదీ గురించే. తిరిగొచ్చాక, నోటితో చెప్పిన తేదీలనే సర్క్యులర్‌లో పెట్టించండి. ప్రతుల జాబితాలో మెస్ మేనేజరు, సెక్యూరిటీ సూపర్‌వైజరు ఉండేలా చూడండి.