పచ్చ స్ఫటికం: విడిగా కొనాలా, రాతితో కొనాలా?

ఉంగరంలో పొదిగే పచ్చకీ, సేకరణలో పెట్టుకునే పచ్చ స్ఫటికానికీ లెక్క వేరు. ఉంగరానికి రంగు, నిగారింపు చూస్తారు. సేకరణకైతే ఆరు పలకల కడ్డీ ఆకారం, చదునైన కొస, పలకల మీద సహజమైన నునుపు ముఖ్యం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇది పట్టించుకోకుండా డబ్బంతా రంగు మీదే పెట్టేస్తారు.

విడి స్ఫటికానికి ఒక సుఖం ఉంది. చేతిలో తిప్పి అన్ని వైపులా చూడొచ్చు, అంచున పెచ్చు లేచినా దాగదు. కానీ అది ఏ గనిదో అమ్మేవాడి మాటే మనకు ఆధారం. రాతితో ఉన్న ముక్కలో, అంటే స్ఫటికం తాను పుట్టిన రాతిలోనే ఉన్న ముక్కలో, కొంత జవాబు ఆ రాయే చెబుతుంది. కొలంబియాలోని ముజో ముక్కల్లో తెల్లటి కాల్సైట్ (సున్నపు ఖనిజం), నల్లటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) కనిపిస్తాయి. అక్కడ వేడి ఉప్పునీళ్లు షేల్ పగుళ్లలోకి చేరి పచ్చలను పెంచాయి. రష్యాలోని ఉరల్, జాంబియాలోని కఫూబు, మన రాజస్థాన్ పచ్చలు ముదురు అభ్రకం నిండిన షిస్ట్ అనే రేకుల రాతిలో పుడతాయి. ఇది మన గూడూరు గనుల్లో దొరికే రకం అభ్రకం కాదు, గోధుమ-నలుపు రంగులో ఉంటుంది.

అందానికి ముజోదే పైచేయి, తెలుపు మీద ఆ పచ్చదనం కన్ను తిప్పుకోనివ్వదు. ధర కూడా అలాగే ఉంటుంది. స్వచ్ఛమైన ముడిరాయి దొరికితే సానపట్టడానికే పంపేస్తారు కాబట్టి, మంచి స్ఫటికాలు మిగిలేది తక్కువ. 1967లో దొరికిన 858 క్యారెట్ల కొలంబియా పచ్చ గచాలాను సానపట్టకుండా అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంచడం అందుకే నాకు గొప్పగా అనిపిస్తుంది.

అయితే మోసం ఎక్కువగా జరిగేదీ ఈ కాల్సైట్ ముక్కలతోనే. విడి స్ఫటికాన్ని జిగురుతో రాతి గుంటలో అతికిస్తారు. పది రెట్ల లెన్స్‌తో స్ఫటికం రాతిలో దిగిన చోట చూడండి. సహజంగా పెరిగినదైతే కాల్సైట్ స్ఫటికాన్ని ఒరుసుకుని ఉంటుంది. అతికించినదైతే మధ్యలో సన్నటి మెరిసే చార, అందులో గాలి బుడగలు, లేదా జిగురులో కలిపిన రాతిపొడి కనిపిస్తాయి. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే చాలా జిగుర్లు వెలుగుతాయి. కాల్సైట్ కూడా వెలగొచ్చు గనక, వెలుగు ఆ చార వెంటే ఉందా అన్నది చూడాలి.

అందుకే మొదటి కొనుగోలుకు నా ఓటు షిస్ట్ ముక్కకే. స్ఫటికం మసకగా, పగుళ్లతో ఉంటుంది, నిజమే. కానీ అభ్రకపు రేకులు దాన్ని చుట్టి పట్టుకుని ఉంటాయి, ఆకారం స్పష్టంగా తెలుస్తుంది, మంచి కొలంబియా ముక్క ధరతో పోలిస్తే చవక. చేయి తిరిగాక ముజో కొనండి.

ఏది కొన్నా నూనె పట్టించారా అని ముందే అడగండి. పగుళ్లు కనిపించకుండా పచ్చలకు నూనె పట్టించడం మామూలే. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడగొద్దు. కాల్సైట్ ముక్కకైతే నిమ్మరసం, వెనిగర్ అసలు తగలనివ్వొద్దు, రాయి కరిగిపోతుంది.