బంతి లేని తొమ్మిది మంది: ఏ బాస్కెట్‌బాల్ గేమ్ అసలు ఆటకు దగ్గర?

కొత్త బాస్కెట్‌బాల్ గేమ్ వచ్చిన ప్రతిసారీ ప్రచారమంతా ముఖాల చుట్టూ, చెమట చుక్కల చుట్టూ తిరుగుతుంది. జెర్సీ ముడతలు, పచ్చబొట్లు, బూట్ల మీది కుట్లు. స్క్రీన్‌షాట్‌లో అవన్నీ బాగానే ఉంటాయి గానీ, ఆట మొదలైన రెండు నిమిషాలకే కంటికి ఆనవు. కోర్టు మీద పది మంది ఉంటే బంతి ఉండేది ఒక్కడి చేతిలోనే. మిగతా తొమ్మిది మంది ఏం చేస్తున్నారో చూడండి, ఆ గేమ్‌లో నిజమెంతో తేలిపోతుంది. ఈ లెక్కన ఎన్‌బీఏ 2కె చాలా ముందుంది. కాకపోతే ఇన్‌స్టాల్ చేసి, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఆడితే ఆ గొప్పతనంలో సగం కనిపించదు. బంతి పట్టుకున్న ఆ ఒక్కడి విషయంలో మాత్రం, ఎప్పుడో 2018లో వచ్చిన ఎన్‌బీఏ లైవ్ 19 ఇప్పటికీ తీసిపారేయదగ్గది కాదు.

ఈ రెండింటి పోటీ పాతదే. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) కంపెనీ వాళ్ల లైవ్ సిరీస్ 1994లో ఎన్‌బీఏ లైవ్ 95తో మొదలైంది. 2కె 1999లో సెగా డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చింది. చాలా ఏళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 2010లో ఈఏ సిరీస్ పేరును ఎన్‌బీఏ ఎలైట్ 11గా మార్చి పెద్ద సాహసమే చేసింది: ముందే రికార్డు చేసిన కదలికల మీద ఆధారపడటం తగ్గించి, చేతుల కదలికను నేరుగా కంట్రోలర్‌లోని కుడి స్టిక్‌కు అప్పగించింది. ఆలోచన మంచిదే. కానీ డెమోలో లేకర్స్ జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) ఆండ్రూ బైనమ్ కోర్టు నడిమధ్యలో చేతులు చాచి విగ్రహంలా నిలబడిపోయిన వీడియో ఊరంతా తిరిగింది. విడుదలకు ముందే గేమ్ రద్దయింది. 2012లో లైవ్ 13కూ అదే గతి పట్టింది. 2013లో లైవ్ 14తో తిరిగొచ్చారు, లైవ్ 19 తర్వాత కన్సోల్ మీద మళ్లీ కనిపించలేదు. అంటే ఇవాళ పోల్చదగ్గవి ఏటా వచ్చే 2కె, పీఎస్4 లేదా ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లకు లైవ్ 19, వీటికి అటూ ఇటూ ఆర్కేడ్ గేములు, మేనేజ్‌మెంట్ గేములు.

మొదట కాళ్లు చూడాలి. నిజం ఆటలో పరుగు మీదున్న మనిషి దిశ మార్చాలంటే ఒక పాదం నేలకు ఆనించి, బరువు దాని మీద వేసి, అప్పుడు తిరగాలి. గేమ్‌లో ఆ అడుగు లేకపోతే ఆటగాడు మంచు మీద జారినట్టు కదులుతాడు. పాత 2కెలలో ఇదే పెద్ద జబ్బు. దీనికి తోడు ఇంకో రోగం: డిఫెండర్ కాస్త దగ్గరికి రాగానే గేమ్ ఇద్దరికీ కలిపి ఒక జంట యానిమేషన్ ఎంచుకుంటుంది. అది పూర్తయ్యేలా ఇద్దరినీ ఒకచోటికి లాగేస్తుంది. మీరు బటన్ నొక్కకపోయినా మీ ఆటగాడు గోడకు అతుక్కున్నట్టు ఎదుటివాడికి తగులుకుంటాడు. 2కె18లో కదలికల వ్యవస్థను మార్చారు. 2కె24లో ప్రోప్లే అనే పద్ధతి తెచ్చి, అసలు మ్యాచ్‌ల వీడియోల నుంచే కదలికలు తీశారు. అప్పటి నుంచి పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వెర్షన్లలో జారుడు బాగా తగ్గింది. పీసీ వాళ్లకు ఒక హెచ్చరిక: 2కె21 నుంచి 2కె24 దాకా పీసీకి వచ్చినవన్నీ పాత కన్సోల్ తరం వెర్షన్లే. కొత్త తరం ఆట పీసీకి 2కె25తోనే వచ్చింది. తక్కువకు దొరికిందని 2కె24 పీసీలో కొంటే ప్రోప్లే ఉండదు.

లైవ్ 19 తన కదలికల వ్యవస్థకు రియల్ ప్లేయర్ మోషన్ అని పేరు పెట్టుకుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, ఒకరిపై ఒకరు ఆడేటప్పుడు అది బాగా పనిచేస్తుంది. కుడి స్టిక్‌తో క్రాసోవర్ (బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చడం) వేసి, వెంటనే ఇంకో వైపు తిప్పితే కదలిక మధ్యలో తెగి మీ మాట వింటుంది. అదే చోట 2కెలో మొదలైన యానిమేషన్ చాలాసార్లు చివరిదాకా నడిచాకే రెండో ఆదేశం అందుకుంటుంది. బరువు, ఊపు 2కెలో ఎక్కువ నిజం. చేతి మాట వినడం లైవ్‌లో ఎక్కువ. రెండింటిలో నిజమైన బాస్కెట్‌బాల్ ఏదంటే బరువే. మనిషి శరీరం ఆలోచనంత వేగంగా తిరగదు కదా.

ఇక తొమ్మిది మంది దగ్గరికి వద్దాం. దీనికి ఒక్క పరీక్ష చాలు, పిక్ అండ్ రోల్. స్టెఫెన్ కర్రీ లాంటి షూటర్ ఉన్న జట్టును తీసుకోండి. పైన బంతి పట్టుకుని ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో ఎల్1 అలాగే నొక్కి ఉంచండి, సెంటర్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండర్ దారిలో గోడలా నిలబడతాడు. ఇప్పుడు బంతిని వదిలేసి నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, కర్రీ మీదున్న డిఫెండర్ స్క్రీన్‌కు పైనుంచి వెంటాడుతున్నాడా, కింద నుంచి దూరుతున్నాడా? కర్రీ మీద కింద నుంచి దూరితే గేమ్‌కు ఆట తెలియనట్టే. రెండు, ఎదుటి సెంటర్ వెనక్కి తగ్గి బుట్టను కాస్తున్నాడా, పైకి వచ్చి అడ్డుకుంటున్నాడా? మూడు, మీ సెంటర్ బుట్ట వైపు దూసుకెళ్తుంటే అవతలి మూలలో ఉన్న డిఫెండర్ రెండడుగులు లోపలికి వచ్చి అతనికి అడ్డు తగులుతున్నాడా? నాలుగు, అలా వచ్చిన డిఫెండర్ వదిలేసిన మూలలో మీ షూటర్ ఖాళీగా నిలబడి బంతి కోసం సిద్ధంగా ఉన్నాడా?

లైవ్ 19లో మొదటి రెండూ ఫర్వాలేదు. మూడోది ఆలస్యమవుతుంది, చాలాసార్లు అసలు జరగదు. అందుకే అక్కడ ఒకే ఎత్తుగడతో ఆట మొత్తం డంకులు కొట్టేయొచ్చు. కొత్త 2కెలలో నాలుగూ కనిపిస్తాయి. పైగా కోచింగ్ మెనూలో మీ సెంటర్ వెనక్కి తగ్గాలా, ఇద్దరూ కలిసి బంతి మీద పడాలా, స్విచ్ చేయాలా, పక్క గీత వైపు తోసేయాలా అన్నది ఒక్కో ఎదుటి ఆటగాడికి విడిగా చెప్పొచ్చు. ఒకే దెబ్బ పదే పదే కొడుతుంటే కంప్యూటర్ జట్టు కూడా తన కవరేజీ మారుస్తుంది. లోపం లేదని కాదు. మూలకు పాస్ వెళ్లాక అక్కడికి పరుగెత్తాల్సింది ఒక్కడే, కానీ అప్పుడప్పుడు ఇద్దరు డిఫెండర్లూ ఒకడి మీదికే పోయి పైన ఇంకొకణ్ణి పూర్తిగా వదిలేస్తారు. ఎన్‌బీఏ జట్లు కూడా ఈ తప్పు చేస్తాయి గానీ ఇంత తరచుగా కాదు. రీబౌండ్ల దగ్గరా తేడా ఉంది. షాట్ గాలిలో ఉండగా ఒళ్లు అడ్డుపెట్టి ఎదుటివాణ్ణి వెనక ఉంచడం 2కెలో ఒక పని. ఎల్2 పట్టుకుని చోటు కోసం తోసుకోవాలి. లైవ్‌లో ఎక్కువగా ఎవడు ముందు ఎగిరితే వాడిదే.

షాట్ దగ్గర గేములన్నీ కొంత అబద్ధమే ఆడతాయి, తప్పదు. బటన్ సరైన క్షణంలో వదిలితే తెర మీది టైమింగ్ మీటర్ పచ్చబడి బంతి తప్పకుండా పడటం నిజం ఆటలో లేని సంగతి. ఎవరూ అడ్డులేని షాట్ కూడా గొప్ప షూటర్లకు తప్పుతుంది. దీనికి 2కె సెట్టింగుల్లో ఒక మందు ఉంది. షాట్ టైమింగ్‌ను రియల్ ప్లేయర్ పర్సెంటేజ్‌కు మార్చితే మీ వేలికి కాక ఆటగాడి రేటింగుకు, ఖాళీకి, అలసటకు ఫలితం ముడిపడుతుంది. అప్పుడు మీ పనల్లా మంచి షాట్ వెతకడమే. రిఫ్లెక్సుల సరదా కావాలనుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తుంది, కోచ్ మనస్తత్వం ఉన్నవాళ్లకు ఇదే అసలు ఆట.

ఇప్పుడు సెట్టింగుల సంగతి. ముందు క్వార్టర్ నిడివిని 12 నిమిషాలు చేయండి. ఐదేసి నిమిషాలు ఆడితే ఎవరూ అలసిపోరు, బెంచీ లేవదు, ఎవడికీ ఆరు ఫౌళ్లు పడవు. అంటే కోచ్ తలనొప్పుల్లో సగం మాయమవుతాయి. మొత్తం 48 నిమిషాల ఆట గంట పైనే పడుతుంది, సేవ్ చేసుకుని రెండు విడతల్లో ఆడొచ్చు. కష్టస్థాయి ఆల్‌స్టార్ లేదా సూపర్‌స్టార్ దగ్గర ఆపండి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో కంప్యూటర్ తెలివి పెరగడం కన్నా, మొహం మీద చెయ్యి ఉన్నా షాట్లు పడటమే ఎక్కువగా పెరుగుతుంది. గేమ్ వేగాన్ని రెండు మూడు పాయింట్లు తగ్గించండి. డిఫెండర్లు స్క్రీన్ చుట్టూ తిరిగి రావడానికి సమయం దొరికి, మొత్తం ఆటే వేరుగా అనిపిస్తుంది.

తర్వాత కంట్రోలర్‌ను రెండు జట్లకూ మధ్యలో ఉంచి, కంప్యూటర్ మీద కంప్యూటర్‌ను ఒక మ్యాచ్ పూర్తిగా ఆడించి బాక్స్ స్కోర్ (మ్యాచ్ గణాంకాల పట్టిక) చూడండి. ఇటీవలి ఎన్‌బీఏ సీజన్లలో ఒక్కో జట్టు మ్యాచ్‌కు 35కు పైగా త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేస్తోంది, వాటిలో సుమారు 36 శాతం పడుతున్నాయి. ఫ్రీ త్రోలు 22 ప్రాంతంలో, టర్నోవర్లు (బంతి ఎదుటి జట్టుకు పోగొట్టుకోవడాలు) 14 ప్రాంతంలో ఉంటాయి. గేమ్‌లో సాధారణంగా తప్పేది ఫ్రీ త్రోల దగ్గర, చాలా తక్కువ వస్తాయి. అప్పుడు షూటింగ్ ఫౌళ్ల స్లైడర్‌ను ఐదు పాయింట్లు పెంచి మళ్లీ చూడాలి. ఒకసారికి ఒకటే స్లైడర్ మార్చండి. నాలుగు కలిపి కదిలిస్తే ఏది ఏం చేసిందో తెలియదు, మళ్లీ మొదటికే రావాలి. ఒక జట్టు త్రీలు మరీ తక్కువ వేస్తుంటే స్లైడర్ జోలికి పోకండి, తప్పు అక్కడ ఉండదు. ఆ జట్టు ఆటగాళ్ల టెండెన్సీలు తెరిచి నిలబడి వేసే త్రీ విలువ చూడండి. మొత్తం లీగును మార్చడం కన్నా ముగ్గురి అలవాటు సరిచేయడం మేలు.

పాత రోజుల ఆట మీద మోజు ఉంటే 2కె23 నుంచి ఉన్న ఎరాస్ మోడ్‌కు పోటీయే లేదు. 1983, 1991, 2002 కాలాలతో మొదలై, 2కె24లో 2010, 2కె25లో 2016 చేరాయి. జెర్సీలు, ప్రసారం తీరు మాత్రమే కాదు, కాలానికి తగ్గ నియమాలూ మారతాయి. 2001-02కు ముందు ఎన్‌బీఏలో జోన్ డిఫెన్స్, అంటే ఒక్కో ఆటగాణ్ణి కాక ఒక్కో చోటును కాయడం, నిషేధం. అందుకే 1991లో బలమైన సెంటర్‌కు లోపల బంతి ఇస్తే అతని చుట్టూ మూగడం కష్టం, ఆట అతని వీపు మీదే నడుస్తుంది. ఇవాళ్టి కాలంలో అదే పాస్ ఇస్తే మూడు చేతులు బంతి మీద పడతాయి. ఒకే గేమ్‌లో ఈ తేడా చేతికి తెలియడం నిజంగా గొప్ప పని. వెలితి ఒకటుంది. 1991 కాలంలో ఫిలడెల్ఫియా జట్టును దాని స్టార్ చార్ల్స్ బార్క్‌లీ లేకుండానే ఆడాలి.

మహిళల ఆట విషయంలో ముందడుగు లైవ్‌దే. డబ్ల్యూఎన్‌బీఏ జట్లన్నీ లైవ్ 18లో వచ్చాయి, 2కెలో 2కె20 దాకా రాలేదు. అక్కడ క్వార్టర్ 10 నిమిషాలే, ఆ లెక్క సెట్టింగుల్లో మార్చుకోవడం మరవకండి.

ఆన్‌లైన్‌లో మాత్రం ఈ నిజమంతా నీరుగారిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. కనెక్షన్‌లో 60 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే మీ బటన్ మూడు నాలుగు ఫ్రేములు వెనకబడినట్టే, పచ్చ మీటర్ జారిపోవడానికి అంత చాలు. వైఫై వదిలి కేబుల్ పెట్టండి, టీవీలో గేమ్ మోడ్ వేయండి. 2కెలో షాట్ వదిలే గుర్తును మార్చుకునే వీలుంది: ఎగిరేటప్పుడు, బంతి తలపైకి చేరినప్పుడు, చేతులు ముందుకు తోసేటప్పుడు, బంతి చెయ్యి దాటేటప్పుడు. ఆఫ్‌లైన్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఇంకోటి కుదురుతుంది. రెండు చోట్లా ఒకటే పెట్టుకుని తప్పు చేతిది అనుకోవద్దు. అయినా ఇద్దరు మనుషులు గెలుపు కోసమే ఆడితే గేమ్‌లో పనిచేసే రెండు మూడు కిటుకులే మిగులుతాయి, ఆట మిగలదు. కెరీర్ మోడ్‌లో ఇంకో బాధ. కొత్త ఆటగాడు 60 రేటింగు దగ్గర మొదలై, పైకి రావడానికి గేమ్‌లోని వీసీ అనే నాణేలు కావాలి. అవి ఆడి సంపాదించాలి లేదా కొనాలి. డబ్బుతో షూటింగ్ నేర్చుకునే లీగును నిజమని ఎవరంటారు?

ఫోన్ వెర్షన్ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. చిన్న మ్యాచ్‌లు, కార్డుల సేకరణ, అంతే. ఆర్కేడ్ గేములు అసలు నిజమని చెప్పుకోవు కాబట్టి వాటితో పేచీ లేదు. 1993 నాటి ఎన్‌బీఏ జామ్‌లో ఇద్దరిపై ఇద్దరు, ఫౌళ్లు లేవు, గోల్‌టెండింగ్‌కు (బుట్టలోకి దిగుతున్న బంతిని అడ్డుకోవడం), 24 సెకన్ల గడువు దాటినందుకు మాత్రమే విజిల్, వరసగా మూడు వేస్తే బంతికి నిప్పంటుకుంటుంది. దాన్ని తయారు చేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ అభిమాని. డెట్రాయిట్ మీద షికాగో బుల్స్ ఆఖరి క్షణం షాట్లు తప్పేలా కోడ్ రాశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

జట్టు నడపడమే మీకు ఇష్టమైతే బొమ్మలే లేని బాస్కెట్‌బాల్ జీఎం వైపు చూడండి. బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది. మామూలుగా ఆటగాళ్లు కల్పిత వ్యక్తులే, కావాలంటే అసలు ఆటగాళ్లతోనూ లీగు మొదలుపెట్టొచ్చు, లేదా అభిమానులు చేసిన రోస్టర్ (జట్ల జాబితా) ఫైలు ఎక్కించుకోవచ్చు. జీతాల పరిమితి, లగ్జరీ పన్ను, వయసుతో తగ్గే సత్తా, డ్రాఫ్ట్ జూదం అన్నీ ఉన్నాయి. ఒక సీజన్ నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి, 31 ఏళ్ల స్టార్‌కు ఐదేళ్ల ఒప్పందం ఇస్తే ఏమవుతుందో అక్కడ చాలా తొందరగా తెలుస్తుంది.

కొనే ముందు చివరిగా ఒకటి. 2కె గేముల సర్వర్లను విడుదలైన రెండేళ్లు దాటాక మూసేయడం ఆనవాయితీ. దాంతో ఆన్‌లైన్ కెరీర్‌లోని మీ ఆటగాడు కూడా పోతాడు. పాత ఎడిషన్ తీసుకుంటుంటే మైఎన్‌బీఏ (జట్టును, లీగును నడిపే మోడ్), ఎరాస్ లాంటి ఆఫ్‌లైన్ మోడ్‌ల కోసమే తీసుకోండి, సేవ్ కన్సోల్‌లోనే ఉండేలా చూసుకోండి.